సిస్టర్ గారి ప్రశ్న, మా తాతగారి పీట

నిన్న మధ్యాహ్నం, ఆటోనగర్‌లో నేను పనిచేసే స్పేర్ పార్టుల షోరూములో, కౌంటరు ముందు జనం కిక్కిరిసి ఉన్న వేళ, ఫోను చెవిన పెట్టుకుని నేను గట్టిగా అరిచాను.

"ముందు అది చెప్పు! మోషన్ అయి ఎన్నాళ్ళయింది?"

బ్రేకు లైనర్లు కొనడానికొచ్చిన లారీ డ్రైవరు చేతిలో సరుకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మా ఓనరు గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నా వైపు చూశారు. ఆ షోరూములో నాది తొమ్మిదేళ్ళ ఉద్యోగం. ఆ తొమ్మిదేళ్ళలో నా గొంతు పక్క కౌంటరుకి వినపడిన రోజు లేదు. నా చొక్కా ఇస్త్రీ మడత నలిగిన రోజూ లేదు. వెనకాల నన్ను 'దొరగారు' అంటారని నాకు తెలుసు. ఎకరాలూ ఇల్లూ పోయినా వెన్నెముక పోలేదన్నది నా లెక్క. ఆ దొరగారి నోటి వెంట, పట్టపగలు, అంతమందిలో ఈ మాట!

ఫోనులో ఉన్నది మా చెల్లెలు. హనుమాన్ జంక్షన్ దగ్గర అత్తవారిల్లు. ఇప్పుడు ఆరో నెల. సగం మాటలు మింగేస్తూ, "అయిదు రోజులైంది అన్నయ్యా. అమ్మ వండిన ఆముదం సీసా నీ దగ్గర మిగిలిందేమో అడగమన్నారు మా అత్తయ్య గారు. మన ఇంటి ఆముదానికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరుండేదట కదా" అంది.

"వద్దు! చుక్క కూడా వద్దు! మన ఇంటిదే కాదు, ఎవరింటిదీ వద్దు. కడుపులో నొప్పి ఉందా? రక్తం కనపడిందా? బిడ్డ కదులుతోందా?"

మొదటి రెండూ లేవంది. "పొద్దున్నుంచీ తన్నుతూనే ఉంది అన్నయ్యా" అంది. అప్పుడు కూర్చున్నాను. కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ మూడు ప్రశ్నలూ నావి కావు. ఆ వరుసా నాది కాదు. ఏడేళ్ళ కిందట భవానీపురంలో ఒక నర్సు గారు నన్ను నిలబెట్టి అడిగిన ప్రశ్నలవి. ఆవిడ నా నోట్లో కూర్చుని మాట్లాడినట్టయింది!

వెంటనే ఆవిడకే ఫోను చేసి చెప్పాలనిపించింది. నెంబరు ఇంకా నా ఫోనులో ఉంది. మనిషి పోయి ఏడాది దాటింది.

ఆవిడ పేరు రాయను. మా వీధిలో ఎవరూ ఆవిడని పేరుతో పిలవలేదు. అందరికీ సిస్టర్ గారే. పొట్టి మనిషి. గంజి పెట్టిన చీర, చేతిలో పచ్చ వైరు బుట్ట. బుట్టలో బీపీ మిషను, రిజిస్టరు, ఒక చిన్న చాకు, నాలుగు జామకాయలు. నడక ఎంత వేగమంటే, వీధి మొదట్లో ఉందనుకున్న మనిషి మన గుమ్మంలో ఉండేది. నమస్కారం, బాగున్నారా, ఇలాంటివి ఆవిడ భాషలో లేవు. కడుపుతో ఉన్న మనిషి కనపడితే చాలు, ఆస్పత్రిలో గాని, రైతు బజారులో గాని, ఆదివారం చర్చి మెట్ల మీద గాని, పలకరింపు ఒక్కటే.

"ఏమ్మా, అయిందా?"

అడిగి, అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకునేది. జవాబు తనకొక్కదానికే కాదు, వీధికంతా వినపడాలన్నట్టు.

నా భార్యకి అప్పుడు ఆరో నెల దాటుతోంది. నెలవారీ పరీక్షకి హెల్త్ సెంటరుకి తీసుకెళ్ళాను. బెంచీ మీద పది పన్నెండు మంది ఆడవాళ్ళు. నేను గోడ పక్కన నిటారుగా నిలబడ్డాను. సిస్టర్ గారు వరసగా ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చి నా భార్య ముందు ఆగింది.

"ఏమ్మా, అయిందా?"

నా భార్య తల దించుకుంది. సిస్టర్ గారి చెయ్యి చెవి వెనక్కి వెళ్ళింది. నేను ఒక అడుగు ముందుకి వేశాను.

"ఇలాంటివి నలుగురిలో అడిగే పద్ధతి మా ఇళ్ళలో లేదండీ."

ఆవిడ నన్ను పాదాల నుంచి క్రాపు దాకా చూసింది.

"అడిగే పద్ధతి లేదు, సరే. మరి అయ్యే పద్ధతన్నా ఉందా బాబూ?"

బెంచీ అంతా గొల్లుమంది. నా భార్య కూడా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అది నవ్వో సిగ్గో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ రిజిస్టరు తీసి ఇంటిపేరు, సొంతూరు అడిగింది. చెప్పాను. ఎప్పుడు చెప్పినా కాస్త గొంతు సవరించుకునే చెబుతాను. ఆవిడ కలం ఆగింది.

"పెద్ద గేటు ఇల్లా?"

"అవునండీ. మీకు తెలుసా?" అన్నాను, ఛాతీ కొంచెం పొంగి.

"పెరడు తెలుసు" అని రాసుకోవడంలో పడింది.

ఆ మాటని నేను పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి మాత్రం ఆవిడకి నేను 'పెద్దింటి బాబు'ని.

ఆవిడ పని చేసే తీరు చూడాలి! ఆ రోజే, నా భార్యని పక్కకి పిలిచి, "అయినప్పుడు ఏ రంగులో అవుతోంది? నల్లగానా?" అని అడిగింది. నేను గోడలో దూరిపోయేవాణ్ణే, చోటుంటే. మామూలుగానే అని నా భార్య గొణిగింది. "అయితే ఐరన్ మాత్ర గొంతు దిగట్లేదన్నమాట. అది లోపలికెళితే నల్లగా రావాలి. ఎక్కడ పారేస్తున్నావు తల్లీ?" అంది సిస్టర్ గారు. నా భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాత్రలు వేసుకుంటే పట్టేస్తోందని రెండు వారాలుగా మానేసిందట. పక్కన పడుకునే నాకు తెలియని సంగతి, రంగు అడిగి చెప్పింది ఆవిడ!

"నీ అంతట నువ్వు మానకు. రక్తం తక్కువైతే కాన్పులో ఎవరు తెచ్చిపెడతారు? డాక్టరమ్మకి చెప్పు, మాత్రన్నా మారుస్తారు, వేసుకునే వేళన్నా మారుస్తారు. చెప్పకపోతే ఆవిడకేం కలొస్తుందా?"

తర్వాత వారం నుంచి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు, మెట్లు ఎక్కి వచ్చి, ఆయాసపడుతూనే జామకాయ కోసేది. గింజలు తీసెయ్యబోతే నా భార్య చేతి మీద చిన్న దెబ్బ. "గింజలే కదమ్మా పనిచేసేది!" బీరకాయ తొక్కు పారేస్తే చెత్తబుట్టలోంచి తీసి మా అమ్మకి చూపించి, "అమ్మగారూ, దీన్ని పచ్చడి చెయ్యక పారేస్తారా?" అని కోప్పడేది. తోటకూర, ముడిబియ్యం, పొట్టు పెసలు. గుటకలు గుటకలుగా రోజంతా నీళ్ళు. పొద్దున్నా సాయంత్రం నది ఘాటు వైపు నడక. వచ్చినప్పుడు ఆపుకోవద్దని, రానప్పుడు ముక్కొద్దని.

మా అద్దింట్లో ఉన్నది కమోడు. "కాళ్ళ కింద ఎత్తుగా ఏదైనా పెట్టుకోవాలి. మోకాళ్ళు నడుము కన్నా పైకి రావాలి, కాస్త ముందుకి వంగి కూర్చోవాలి. పది నిమిషాల్లో కాకపోతే లేచొచ్చెయ్. రేపు మళ్ళీ చూసుకుందాం" అని చెప్పి, ఆ ఎత్తు కోసం ఇల్లంతా కలియజూసింది. ఆవిడ చూపు బీరువా పైన ఆగింది.

అక్కడ మా తాతగారి పీట ఉండేది. నల్లచేవ పీట, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు. ఆయన భోజనానికి కూర్చున్న పీట. ఊళ్ళో ఇల్లు పరాయివాళ్ళ చేతికి వెళ్ళిన రోజు, నా చేత్తో నేను మోసుకొచ్చింది అదొక్కటే.

"అదిగో, కొలత పెట్టి చేయించినట్టుంది" అంది.

"అది మా తాతగారిదండీ."

"ఆయన ఇప్పుడు కూర్చోరుగా?"

"అది బాత్రూములో పెట్టే వస్తువు కాదండీ. నేను ప్లాస్టిక్ స్టూలు కొంటాను."

"కొనండి. ఇవాళే కొనండి."

కొనలేదు. మర్నాడూ కొనలేదు. కొట్టువాడు ఎందుకని అడుగుతాడేమోనని! ఇవాళ రాస్తుంటే నవ్వొస్తోంది గాని, అప్పుడు అది నాకు పెద్ద కారణమే.

ఏడో నెల వచ్చింది. ఒకసారి పూర్తిగా బిగిసిపోయింది. ఆరు రోజులు. నా భార్య అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. హెల్త్ సెంటరుకి వెళదామంటే, "మళ్ళీ అంతమందిలో అడుగుతారండీ" అనేది. నాకు రోషం వచ్చింది. ఎవరి గుమ్మమో ఎక్కి సిగ్గు విడిచి చెప్పుకోవడం దేనికి? మా ఇంటి వంటాముదం ఉండగా! గింజలు వేయించి, దంచి, నీళ్ళలో మరిగించి, పైకి తేలిన నూనె తీసి పట్టే ఆముదం. చిన్నప్పుడు నెలకో ఆదివారం మాకందరికీ వరసగా పోసేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చి అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. అమ్మని వండమన్నాను.

అమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. "డాక్టర్ని ఒక మాట అడుగుదామా నాన్నా?" అంది.

"మన ఇంటి మందుకి ఇంకొకళ్ళ అనుమతా అమ్మా?" అన్నాను.

అమ్మ వండింది.

ఆదివారం పొద్దున వెండి ఉగ్గుగిన్నెలో ఆముదం పోసి నేనే నా భార్య చేతికి ఇస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు. సిస్టర్ గారు చర్చి నుంచి వస్తోంది, బుట్టలో జామకాయల పక్కన బైబిలు. గుమ్మంలో ఆగి గాలి పీల్చింది.

"ఈ వాసన నాకు తెలుసు" అంది.

మరుక్షణం చెప్పులతోనే లోపలికి వచ్చి నా చేతిలో గిన్నె లాక్కుంది. ఆవిడ మొహంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదలు.

"తాగిందా?"

"ఇంకా లేదండీ."

"కడుపులో నొప్పి ఉందా? రక్తం కనపడిందా? బిడ్డ కదులుతోందా?"

నన్నే అడిగింది. నాకు తెలియదు. ఆరు రోజులుగా నా భార్యని ఈ మూడింటిలో ఒక్కటీ నేను అడగలేదు. నా భార్యే చెప్పింది, నొప్పి లేదని, రక్తం లేదని, బిడ్డ కదులుతోందని. సిస్టర్ గారు గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది.

నేను ఇంకా తగ్గలేదు. "ఇది బజారు సరుకు కాదండీ. మూడు తరాలుగా మా ఇంట్లో..."

"తెలుసు బాబూ. ఆ గింజలు దంచింది మా అమ్మ."

ఆవిడ గిన్నెని నాకు అందకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

"మీ పెరట్లో, మెట్ల కింద. పైకి ఎక్కే వీల్లేదు కదా మాకు. రోలు పక్కన నేనూ కూర్చునేదాన్ని. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు." అని అమ్మ వైపు తిరిగింది. "అమ్మగారూ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను" అంది అమ్మ. నా వైపు చూడకుండా చెప్పింది. "నీకన్నా ముందు ఒకడున్నాడు నాన్నా. ఏడో నెల. నాకూ ఇలాగే పట్టేసింది. మా అత్తగారు ఈ గిన్నెతోనే పోశారు. తెల్లారకముందే నొప్పులొచ్చాయి. మగపిల్లాడు. ఏడవలేదు. నా జాతకం అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను."

"మరి నిన్న ఎందుకు వండావమ్మా?"

"నువ్వు వండమన్నావు. ఆ ఇంట్లో కాదనడం నాకెవరు నేర్పారు?"

సిస్టర్ గారు అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నాతో మాత్రం మెత్తగా మాట్లాడలేదు.

"ఆముదమే చేసిందని నేను రాసివ్వలేను బాబూ. కానీ కడుపుతో ఉన్నవాళ్ళకి అది పేగుల్నే కాదు, గర్భసంచిని కూడా కదిలించొచ్చని ట్రైనింగులో చెప్పిన రోజు నాకు మీ పెరడు గుర్తొచ్చింది. ఆ రోజు నేను నోట్సు రాసుకోలేకపోయాను. అప్పట్నుంచే అందర్నీ గట్టిగా అడగడం. మీ అమ్మగారిని అప్పట్లో ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే, గట్టిగా చెప్పి ఉంటే..."

నేను లేచాను. కుర్చీ వేసుకుని బీరువా పైనుంచి పీట దించాను. తడిగుడ్డతో తుడిచాను. నా చేత్తోనే బాత్రూములోకి పట్టుకెళ్ళి కమోడు ముందు పెట్టాను. వెనకనుంచి సిస్టర్ గారి గొంతు, పాత సిస్టర్ గారి గొంతు: "ఇంకాస్త దగ్గరికి జరపండి పెద్దింటి బాబూ, పాదాలు రెండూ పూర్తిగా ఆనాలి!"

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నేనే చెప్పాను, వారమైందని, అంతమందిలో. కడుపుతో ఉన్నవాళ్ళు వాడదగ్గ సిరప్ ఒకటి ఆవిడ రాశారు, ఐరన్ మాత్ర మార్చారు. బుధవారం పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే బాత్రూములోంచి కేక.

"ఏవండీ!"

సబ్బు నురగతోనే పరిగెత్తాను. తలుపు తెరుచుకుంది. నా భార్య మొహం! పెళ్ళిపీటల మీద కూడా అంత వెలుగు చూడలేదు నేను. బాల్కనీలోకి ఉరికి సిస్టర్ గారికి ఫోను చేశాను.

"అయింది సిస్టర్ గారూ!"

"దేవునికి స్తోత్రం! పూర్తిగా అయిందా?"

"పూర్తిగా అయిందండీ!"

కింద పాలవాడు తలెత్తి చూశాడు. చూడనీ! అవతల సిస్టర్ గారు పిల్లల టీకాల దగ్గరుందట. "ఇదిగో, పెద్దింటి వాళ్ళకి అయిందట!" అని అక్కడున్నవాళ్ళతో చెప్పడం, వాళ్ళు నవ్వడం నాకు వినపడింది. మా ఇంటిపేరు అంతమంది నోట పడి నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

నెలలు నిండాక అమ్మాయి పుట్టింది. సిస్టర్ గారు చూడటానికి వచ్చింది. కుర్చీ వెయ్యబోతే, "పీట ఇంకా పనిచేస్తోందా?" అని అడిగి, నేరుగా బాత్రూము గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మీ తాతగారు దీని మీద కూర్చుని భోంచేస్తుంటే పెరటి గుమ్మంలోంచి కనపడేది. ఆయన లేస్తేగాని మాకు అన్నం పెట్టేవాళ్ళు కాదు. అమ్మా నేనూ ఈ ఇత్తడి పువ్వులు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఎంతసేపు తినేవారో మహానుభావుడు!"

"కడిగి తెస్తానండీ. ఒక్కసారి కూర్చోండి" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది, పీట వైపు చూసింది. నవ్వు మొదలైంది. గోడ పట్టుకుని నవ్వింది, కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "కడిగినా వద్దు బాబూ! ఎక్కడుండాలో అక్కడే ఉంది. మా అమ్మ ఉంటే ఇవాళ ఎంత నవ్వేదో!" లోపలినుంచి అమ్మ కూడా నవ్వడం వినపడింది.

అమ్మ పోయి మూడేళ్ళయింది. సిస్టర్ గారు నిరుడు పోయింది, ఉద్యోగంలో ఉండగానే. చర్చి ఆవరణ నిండా పిల్లల తల్లులు. ఎవరికి వాళ్ళు, ఆవిడ తమని అడిగిన రోజు గురించి చెప్పుకుంటున్నారు.

ఇంత తెలిసినవాణ్ణి, ఒక పని చెయ్యలేదు. అమ్మ చెప్పిన సంగతి మా చెల్లెలికి ఎన్నడూ చెప్పలేదు. ఇంటి పరువు అనుకున్నాను. నిన్న ఆ ఫోను రాకపోయి ఉంటే, వాళ్ళ అత్తగారు ఇంకెక్కడో ఆముదం సంపాదించి ఉంటే? ఆ తలపు ఊరుకోనివ్వక ఇవాళ సెలవు పెట్టాను. చెల్లెల్ని నిన్న సాయంత్రమే డాక్టరుకి చూపించారట, కంగారు లేదన్నారట, సిరప్ ఇచ్చారట. మిగిలింది పీటా, అమ్మ సంగతీ. నేను మోసుకెళ్ళాల్సింది, చెప్పాల్సింది.

పొద్దున ఏలూరు బస్సు ఎక్కాను. పీటని గుడ్డలో చుట్టలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను. ఇత్తడి పువ్వులు మెరుస్తున్నాయి. పక్క వరసలో ఒకమ్మాయి, కడుపుతో ఉంది, పక్కన వాళ్ళమ్మ. ఆ పెద్దావిడ మురిపెంగా చూసి, "పెళ్ళికాండీ?" అంది.

"కాదండీ. మా చెల్లెలికి మలబద్ధకం" అన్నాను.

బస్సులో ముందు రెండు వరసలు వెనక్కి తిరిగాయి. పెద్దావిడ కిటికీ వైపు చూసింది. ఆ అమ్మాయి మాత్రం చూపు తిప్పుకోలేదు. కాసేపాగి, బాగా గొంతు తగ్గించి, "పీటతో ఏం చేస్తారండీ?" అంది.

చెప్పాను! మోకాళ్ళు, పాదాలు, జామ గింజలు, నీళ్ళు, నడక, ఐరన్ మాత్ర. ఆముదం గురించి చెప్పాను, మా అమ్మ గురించి చెప్పాను, ఏడవని మా అన్నయ్య గురించి చెప్పాను, మా ఇంటిపేరుతో సహా. మందు మాత్రం డాక్టరునే అడగమన్నాను. పెద్దావిడ కిటికీ వదిలి ఇటు తిరిగింది. హనుమాన్ జంక్షన్ వస్తోందని కండక్టరు కేకేశాడు. లేచి, పీట చంకన పెట్టుకుని, అడగవలసింది ఇంకా అడగలేదని గుర్తొచ్చి ఆగాను.

"ఇంతకీ నీకు అయిందామ్మా?"

ఆ అమ్మాయి పెదవులు కదిలాయి. ఏమందో వినపడలేదు. నా ఖాళీ చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు, చూసుకుంటే అరచెయ్యి దొప్పలా నా చెవి వెనక ఉంది.